ఫ్లాష్ ఫిక్షన్ ఏం చేయగలదు, ఏం చేయలేదు: తరచుగా అడిగే ప్రశ్నలు

కథలు రాయడం కొత్తగా మొదలుపెట్టినవాళ్ళు, వారపత్రికల్లో ఒక పేజీ కథలు చదువుతూ పెరిగినవాళ్ళు, పోటీ ప్రకటన చూసి "300 మాటల్లో కథేంటి?" అని ఆశ్చర్యపోయినవాళ్ళు ఫ్లాష్ ఫిక్షన్ గురించి, అంటే చాలా చిన్న కథల గురించి, మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలివి. మీ దగ్గరున్న విషయం ఈ రూపంలో ఇముడుతుందో లేదో తేల్చుకోవడానికి ఈ జవాబులు పనికొస్తే చాలు.

ఫ్లాష్ ఫిక్షన్ అంటే ఎన్ని మాటల లోపు ఉండాలి?

అందరూ ఒప్పుకున్న లెక్కంటూ లేదు. ఇంగ్లిష్‌లో ఎక్కువమంది 1000 మాటల్ని పైహద్దుగా పెట్టుకుంటారు. ఈ పేరు బాగా వాడుకలోకి రావడానికి కారణమైన 1992 నాటి అమెరికన్ సంకలనం దాదాపు 750 మాటల దగ్గర గీత గీసింది. సరిగ్గా 100 మాటల్లో రాసేదాన్ని డ్రాబుల్ అంటారు. అది 1980లలో బ్రిటన్‌లోని సైన్స్ ఫిక్షన్ అభిమానుల మధ్య మొదలైంది.

ఈ లెక్కల్ని ఉన్నదున్నట్టు తెలుగులోకి తెచ్చుకుంటే ఇబ్బందే. మన క్రియాపదం ఒక్కటే చాలా బరువు మోస్తుంది. "రానివ్వలేదట" అన్నది ఒక్క మాట. ఎవరో రాబోయారు, ఇంకెవరో అడ్డుపడ్డారు, ఈ సంగతి చెబుతున్న మనిషి కళ్ళారా చూడలేదు, ఎవరో చెప్పగా విన్నాడు. ఇదంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. అందుకే తెలుగులో 300 మాటలంటే చాలా చోటు. నన్నడిగితే 500 దాటితే అది మామూలు చిన్న కథే. పోటీకి పంపేవాళ్ళు మాత్రం వాళ్ళ నియమాల్లో ఏముంటే అదే పాటించండి.

ఇది మనకి కొత్తగా వచ్చిందా?

పేరే బయటినుంచి వచ్చింది. కార్డు కథలు, మినీ కథలు, ఒక పేజీ కథలు అంటూ తెలుగు పత్రికలు దశాబ్దాలుగా వేస్తూనే ఉన్నాయి. పోస్టుకార్డులో చిరునామాకి పోయే సగం వైపు తీసేస్తే ఎంత చోటు మిగులుతుందో అంతలో కథ పూర్తి కావాలి. ఇంతకంటే స్పష్టమైన కొలత ఏ భాషలోనూ ఉండదనుకుంటాను. కొడవటిగంటి కుటుంబరావు రాసిన గల్పికలు కూడా చిన్నవే. కాకపోతే గల్పికలో చాలాసార్లు కథ కంటే వ్యాఖ్య ముందు నడుస్తుంది, కాబట్టి దాన్ని ఫ్లాష్ కథకి దగ్గరి బంధువు అనుకోవచ్చు.

పక్క భాషల్లోనూ ఇదే పరిస్థితి. బెంగాలీలో బనఫూల్ అనే కలం పేరుతో రాసిన డాక్టర్ బలాయిచాంద్ ముఖోపాధ్యాయ్ అరపేజీ, ఒక పేజీ కథలకి పేరుపొందాడు. హిందీలో లఘుకథకి సొంత సంకలనాలు, సొంత విమర్శ ఉన్నాయి. జపాన్‌లో 1968లో నోబెల్ బహుమతి అందుకున్న యసునారి కవబాత "అరచేతి కథలు" అనే పేరుతో జీవితాంతం వందకు పైగా రాశాడు. ఫ్రాన్స్‌లో 1906లో ఫెలిక్స్ ఫెనియోన్ ఒక దినపత్రికకి మూడేసి లైన్లలో వార్తలు రాసేవాడు. అవి కల్పితం కాదు, నిజం వార్తలే. అయినా చిన్న కథ రాయాలనుకునేవాళ్ళు ఒక వాక్యంలో క్రియని ఎక్కడ పెట్టాలో నేర్చుకోవాలంటే వాటిని చూడాలి.

మన పిట్టకథని మాత్రం ఈ లెక్కలో కలపలేను. హరికథలోనో ఉపన్యాసంలోనో పిట్టకథ వస్తే అది ఇంకో సంగతిని నిరూపించడానికి వస్తుంది, పని అయిపోగానే వెళ్ళిపోతుంది. ఫ్లాష్ కథ తన కాళ్ళ మీద తను నిలబడాలి.

పెద్ద కథని కుదిస్తే ఫ్లాష్ అవుతుందా? నా దగ్గర 1500 మాటల కథ ఉంది, పోటీకి 400 అడిగారు.

కుదిస్తే కథాసంగ్రహం వస్తుంది. "రాఘవయ్య కష్టపడి కొడుకుని చదివించాడు, కొడుకు పట్నం వెళ్ళాడు, మారిపోయాడు, తండ్రి బాధపడ్డాడు" అన్నట్టు ఉంటుంది. అందులో సంఘటనలన్నీ ఉంటాయి, ఒక్కటీ మన కళ్ళ ముందు జరగదు.

మీ 1500 మాటల్లో ఏదో ఒక చోట ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకుని ఏమీ అనలేకపోయిన నిమిషం ఉండి ఉంటుంది. దాన్ని బయటికి తీసి, ముందూ వెనకా వదిలేసి, కొత్తగా రాయండి. కవబాత చివరి రోజుల్లో తన ప్రసిద్ధ నవల "హిమదేశం"ని అరచేతి కథగా మళ్ళీ రాసుకున్నాడు. నవలంతా చెప్పబోలేదు, కొన్ని ఘట్టాలనే ఏరుకున్నాడు. అలాంటి నిమిషం మీ కథలో దొరక్కపోతే అది ఆ పోటీకి పనికొచ్చే కథ కాదు. దాన్ని 1500 మాటల్లోనే ఉండనివ్వండి, ఇంకో చోటికి పంపండి.

ఈ రూపానికి ఉన్న అసలు బలం ఏమిటి? ఉదాహరణతో చెప్పగలరా?

చెప్పకుండా వదిలిన దాన్ని పాఠకుడి చేత కట్టించడం. ఈ మాట అందరూ అంటారు గానీ, ఎక్కడ వదలాలి, ఎంత వదలాలి అన్నది కథ ముందు పెట్టుకుంటేనే తెలుస్తుంది. ఈ పేజీ కోసం రాసిన చిన్న కథ ఇది.

*పేరు తొలగింపు*

మీసేవ కౌంటర్‌లో కుర్రాడు తలెత్తకుండానే అడిగాడు.

"ఎవరి పేరు తీసేయాలమ్మా?"

"సుజాత" అంది పెద్దావిడ.

"కారణం? చనిపోయారా?"

"శుభమా అని వస్తే అదేం మాట నాయనా! పెళ్ళి."

"కూతురా?"

"కోడలు."

కుర్రాడు తలెత్తాడు. పెద్దావిడ పక్కన నిలబడ్డ అమ్మాయి ఆధార్ కార్డులున్న ప్లాస్టిక్ కవర్ని అటూ ఇటూ తిప్పుతోంది.

"రేషన్ కార్డులో మీ అబ్బాయి పేరు లేదేంటి?"

"మూడేళ్ళ కిందట తీయించాం. ఇక్కడే."

అతను ఇంకేమీ అడగలేదు. టైపు చేశాడు. స్క్రీన్ మీద రెండు పేర్లు మిగిలాయి. ఒకటి పెద్దావిడది, ఒకటి ఆరేళ్ళ పిల్లాడిది.

"బాబు పేరు ఇందులోనే ఉంచాలా, తీసేయాలా?"

పెద్దావిడ కోడలి వైపు చూసింది. కోడలు అత్త వైపు చూసింది.

"వెనకున్నవాళ్ళు పక్క కౌంటర్‌కి వెళ్ళండి" అన్నాడు కుర్రాడు.

కథ ఇంతే. కొడుకు పోయాడన్న మాట ఇందులో ఎక్కడా లేదు. "మూడేళ్ళ కిందట తీయించాం. ఇక్కడే" అన్న చోట పాఠకుడికి అది తెలుస్తుంది, ఆవిడ అదే కౌంటర్ ముందు అప్పుడు కూడా నిలబడిందని కూడా తెలుస్తుంది. "కొడుకు లారీ ప్రమాదంలో చనిపోయాక కోడలిని కన్నకూతురిలా చూసుకుంది ఆ తల్లి" అని ఒక్క వాక్యం ముందే పెట్టి చూడండి. కథ అక్కడే ఆగిపోతుంది. పాఠకుడికి ఇక చేయడానికి పని ఉండదు.

ఇంకో బలం చూడండి. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య తేలని ప్రశ్న ఒకటుంది: పిల్లాడు ఎవరి దగ్గర ఉంటాడు? ఇంట్లో దాన్ని ఎవరూ పైకి అని ఉండరు. సంబంధం లేని ఒక కుర్రాడు, ఫారంలో గడి నింపడం కోసం, మామూలు గొంతుతో అడిగేశాడు. ఫ్లాష్ కథకి ఇలాంటి చోట్లు బాగా కలిసొస్తాయి. ఆఫీసు కౌంటర్లు, బస్సులో టిక్కెట్టు వెనక రాసిచ్చే చిల్లర, ఆస్పత్రిలో "పేషెంట్‌కి ఏమవుతారు?" అనే ప్రశ్న, పెళ్ళిపత్రిక మీద ఎవరి పేరు ముందు వేయాలనే చర్చ. కథకి కావలసిన ఒత్తిడి అక్కడ ముందే తయారుగా ఉంటుంది, రచయిత కొత్తగా పుట్టించనక్కర్లేదు.

మరి ఈ కథ చేయలేకపోయింది ఏమిటి?

చాలా ఉంది. ఆ పెద్దావిడ ఈ నిర్ణయానికి ఎలా వచ్చింది? కొడుకు పోయిన మొదటి ఏడాదిలో కోడలిని ఏమైనా అన్నదా? వియ్యాలవాళ్ళు వచ్చి పిల్లని తీసుకెళ్తామంటే పంపనందా? వీధిలోవాళ్ళు ఏమన్నారు? కోడలికి ఈ పెళ్ళి నిజంగా ఇష్టమేనా, అత్త ముచ్చటపడితే ఒప్పుకుందా? నాకు ఈ ప్రశ్నలే ఎక్కువ ముఖ్యం. వీటిలో ఒక్కదానికీ ఆ కథలో చోటు లేదు, ఇంకో 200 మాటలు ఇచ్చినా ఉండదు.

మనిషి నెమ్మదిగా మారడం ఫ్లాష్‌లో కుదరదు. మారిన తర్వాతి క్షణాన్ని చూపించగలం, మారబోయే ముందు క్షణాన్ని చూపించగలం. మధ్యలో గడిచిన మూడేళ్ళని పాఠకుడు నమ్మకం మీద ఒప్పుకోవాల్సిందే.

దీనివల్ల ఇంకో నష్టం ఉంది, దీని గురించి తక్కువమంది మాట్లాడతారు. మనిషిని కొత్తగా నిర్మించే చోటు లేనప్పుడు, పాఠకుడి మనసులో ముందే ఉన్న మూసల్ని రచయిత అరువు తెచ్చుకుంటాడు. గయ్యాళి అత్త, తాగుబోతు మొగుడు, అమెరికా కొడుకు, వృద్ధాశ్రమంలో తల్లి. వీళ్ళని పరిచయం చేయక్కర్లేదు, పేరు చెబితే చాలు. మన చిన్న కథల్లో వీళ్ళే పదే పదే కనిపించడానికి పెద్ద కారణం సోమరితనం కాదనుకుంటాను. ఆ కొలత రచయితని అటువైపు తోస్తుంది. పై కథ కూడా ఆ మూస మీదే నిలబడింది: "అత్త" అనగానే పాఠకుడు ఇంకేదో అనుకుంటాడు కాబట్టే "కోడలు" అన్న జవాబు తగులుతుంది. అత్తాకోడళ్ళ మూస తెలియని పాఠకుడికి అక్కడ ఏమీ జరగదు.

అంటే పాఠకుడికి తెలియని ప్రపంచం గురించి ఇందులో రాయలేమా?

రాయవచ్చు, కానీ పని రెట్టింపవుతుంది. కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ గురించి రాసేవాళ్ళకి లిఫ్టు, వాచ్‌మన్, మెయింటెనెన్స్ గొడవ, వాట్సాప్ గ్రూపు అన్నీ ఉచితంగా వస్తాయి. చదివేవాళ్ళలో ఎక్కువమందికి అవి తెలుసు. నల్లమలలో చెంచు గూడెం గురించో, శ్రీకాకుళం తీరంలో వేటకి వెళ్ళే కుటుంబం గురించో రాసేవాళ్ళకి ఆ సాయం దొరకదు. వివరిస్తే చోటు అయిపోతుంది, వివరించకపోతే పాఠకుడు దారి తప్పుతాడు. చిన్న కథ అందరికీ సమానంగా అందుబాటులో ఉన్న రూపమని అంటారు. రాయడానికి పట్టే సమయం విషయంలో అది నిజం. అర్థం కావడంలో మాత్రం, ఎవరి జీవితం ఇప్పటికే పత్రికల్లోనూ సినిమాల్లోనూ ఎక్కువగా కనిపిస్తుందో వాళ్ళకే ఇది అనుకూలం.

ఉర్దూ రచయిత సాదత్ హసన్ మంటో 1948లో వేసిన "సియాహ్ హాషియే"లో కొన్ని కథలు రెండు మూడు లైన్లే. దేశ విభజన హత్యల మీద రాసినవి. ఎవరు, ఏ ఊరు, ఎందుకు అన్నది చాలాచోట్ల ఉండదు. అప్పటి పాఠకుడికి చెప్పనక్కర్లేదు, వాళ్ళు దాంట్లోంచే నడిచి వచ్చారు. ఈనాడు ఆ చరిత్ర తెలియని కుర్రవాళ్ళ చేతికి అదే పుస్తకం ఇస్తే కొన్ని కథలు కేవలం చేదు జోకుల్లా కనిపించే ప్రమాదం ఉంది. ఫ్లాష్ కథ తన కాలం మీద ఎక్కువగా ఆధారపడుతుంది. నవల తన ప్రపంచాన్ని తనతో మోసుకెళ్తుంది కాబట్టి ఆ విషయంలో దానికి ఇబ్బంది తక్కువ.

దీనికి నాకు తెలిసిన మందు ఒకటే. తెలియని ప్రపంచంలోంచి ఒకే ఒక్క వస్తువుని తీసుకుని, దాని చుట్టూ మాత్రమే రాయడం. గూడెం అంతా చూపించబోకుండా తేనె తీసే తాడుని చూపించడం, దాన్ని ఎవరు పట్టుకుంటే ఎక్కేవాడు నమ్మకంగా ఎక్కుతాడో చూపించడం.

రోజూ జరిగే అన్యాయం గురించి రాయాలంటే?

జాగ్రత్తగా ఉండాల్సిన చోటు ఇది. ఒక అవమానాన్ని ఒక సంఘటనగా చూపిస్తే, అది ఆ రోజు జరిగిన దుర్ఘటనలా కనిపిస్తుంది. అసలు క్రూరత్వం అది రోజూ జరగడంలో ఉంటుంది, జరిపించేవాళ్ళకి అది గుర్తు కూడా ఉండకపోవడంలో ఉంటుంది. ఒక్క సన్నివేశం దాన్ని పట్టుకోలేదు.

తెలుగు వ్యాకరణం ఇక్కడ ఆదుకుంటుంది. "పెట్టింది" అనడానికి బదులు "పెట్టేది" అని రాయండి. "గ్లాసు విడిగా పెట్టేది. పండగ రోజు కూడా విడిగానే పెట్టేది. కడగమని ఎప్పుడూ చెప్పేది కాదు, కడిగి పెట్టాల్సిందే." మూడు వాక్యాల్లో పదేళ్ళు గడిచిపోయాయి. మొత్తం కథ ఈ అలవాటు క్రియల్లో నడిపి, చివర ఒక్క వాక్యం మాత్రం "ఆ రోజు" అని మొదలుపెడితే ఫ్లాష్ కథకి కాలం మీద కొంత పట్టు దొరుకుతుంది. కొంతే. వంద పేజీలు చేసే పని చేయదు.

కొసమెరుపు ఉండి తీరాలా?

అక్కర్లేదు. తెలుగు చిన్న కథకి ఎక్కువ హాని చేసింది ఈ నమ్మకమేనని నా అభిప్రాయం. పత్రికల్లో ఒక పేజీ కథలు చదివిన తరాలకి చివరి లైన్ అంటే గుట్టు విప్పే లైన్ అని అలవాటైపోయింది. ఇంతసేపూ మాట్లాడింది మనిషి కాదు పిల్లి, ఇంతసేపూ జరిగింది కల, దొంగ అనుకున్నవాడు అల్లుడు. ఇలాంటి కథ ఒక్కసారి చదవడానికే బాగుంటుంది. గుట్టు తెలిశాక రెండోసారి తెరిస్తే లోపల మనుషులు ఉండరు, గుట్టుని దాచడానికి పెట్టిన అడ్డుతెరలే ఉంటాయి.

ఇంకో రకం కొసమెరుపు చప్పట్ల కోసం వస్తుంది. పై మీసేవ కథని "తను నా కోడలు కాదు బాబూ, నా కూతురు" అని ముగించడం ఎంత తేలికో చూడండి. చదివినవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి, నలుగురికి ఫార్వర్డ్ చేస్తారు. కానీ ఆ లైన్ రాగానే పిల్లాడి సంగతి మాయమైపోతుంది. ఆవిడ గొప్పది అని తేలిపోయింది, ఇక ఆలోచించడానికి ఏమీ లేదు. వాట్సాప్‌లో తిరిగే నీతికథకీ ఫ్లాష్ కథకీ నేను చూసే తేడా ఇదే: మొదటిది చదివాక మన మీద మనకి మంచి అభిప్రాయం కలుగుతుంది.

మలుపు ఉండకూడదని అనడం లేదు. మలుపుని మధ్యకి జరపండి. "కోడలు" అన్న మాట కథ మధ్యలో వచ్చేసింది, ఆ తర్వాత ఇంకా బరువైన ప్రశ్నకి చోటు దొరికింది. అదే మాట చివరికి వచ్చి ఉంటే కథ అక్కడితో సరి.

తెలుగులో రాసేవాళ్ళకి ప్రత్యేకంగా కలిసొచ్చేవి ఏమైనా ఉన్నాయా?

ఉన్నాయి, వాటిని సరిగ్గా వాడుకోవడం లేదనే నా బాధ.

అన్నిటికంటే ముందు సర్వనామాలు. వాడు, అతను, ఆయన. ఈ మూడింటిలో ఏది ఎంచుకున్నారో దాన్నిబట్టి కథ చెబుతున్న మనిషికీ ఆ మనిషికీ మధ్య దూరం, వయసు, కోపం, గౌరవం తెలిసిపోతాయి. కథ మొదట్లో "ఆయన" అని పిలిచిన భర్తని చివరి పేరాలో భార్య "అతను" అంటే చాలు, విడాకుల మాట ఎత్తనక్కర్లేదు. నువ్వు నుంచి మీరుకి మారడం, మీరు నుంచి నువ్వుకి మారడం కూడా అంతే. చిన్నప్పుడు కారు డ్రైవర్ని "మావయ్యా" అని పిలిచిన పిల్లాడు కాలేజీకొచ్చాక "డ్రైవర్, బండి తియ్" అంటాడు. అక్కడ ఒక సంబోధన మారింది, దాంతో ఇంటి చరిత్ర అంతా బయటపడింది.

వరసలు ఇంకో ఆస్తి. వదినా, బావా, పిన్నీ, బాపూ, అవ్వా అన్న పిలుపులోనే ఎవరు ఎవరికి ఏమవుతారో, ఏ ప్రాంతంవాళ్ళో తెలుస్తుంది. ఇంగ్లిష్ రచయిత ఒక వాక్యం ఖర్చుపెట్టే చోట మనకి ఒక్క పిలుపు చాలు.

"అట" గురించి ముందే చెప్పాను. పుకారు మీద నడిచే కథకి దాన్ని మించిన పనిముట్టు లేదు. "వెళ్ళిపోయిందట, వాళ్ళమ్మే పంపించిందట, పెట్టె కూడా తీసుకెళ్ళలేదట." మూడు సార్లు "అట" వచ్చాక నాలుగో వాక్యంలో "నేను చూశాను" అని పెట్టండి, కథ ఒక్కసారిగా ఒళ్ళు విరుచుకుని లేస్తుంది.

ఒక ఇబ్బంది కూడా ఉంది. మన క్రియలో ఆడా మగా తెలిసిపోతుంది. "డాక్టర్ వచ్చింది" అనగానే ఆవిడ అని తేలిపోతుంది కాబట్టి, ఆ సంగతి చివరిదాకా దాచి ఆశ్చర్యపరిచే ఇంగ్లిష్ కథల్ని అనుసరిస్తే "వచ్చారు" అన్న గౌరవవాచకం వెనక దాక్కోవాలి. పాఠకుడు ఆ ఎత్తు వెంటనే పసిగడతాడు.

మాండలికంలో రాయవచ్చా?

తప్పకుండా. చోటు తక్కువ ఉన్నప్పుడు మాండలికం ఊరిని ఉచితంగా తెచ్చిపెడుతుంది. "ఏడికి వోతున్నవ్", "యాడికి పోతాండావు", "ఎక్కడికెళ్తన్నావేటి" అన్న మూడు ప్రశ్నలూ ఒకటే. ఏ జిల్లా గాలి వీస్తోందో చెప్పడానికి ఇంకో వాక్యం అక్కర్లేదు. మీ ఇంట్లో మాట్లాడే యాసలోనే రాయండి. సినిమాల్లో విన్న యాసని అరువు తెచ్చుకుంటే రెండో లైన్‌కే దొరికిపోతారు.

హెమింగ్వే రాసిన ఆరు మాటల కథ సంగతేమిటి?

"అమ్మకానికి: పసిపిల్లల బూట్లు, ఒక్కసారీ తొడగనివి" అన్న అర్థం వచ్చే ఆ కథని అమెరికన్ రచయిత హెమింగ్వే రాశాడనడానికి ఆధారం లేదు. ఆయన బడికి వెళ్ళే వయసులోనే అలాంటి ప్రకటనల గురించి అమెరికన్ పత్రికల్లో వచ్చింది. ఆయన 1961లో చనిపోయాక దశాబ్దాలకి గానీ ఆయన పేరుతో కలిపి ఈ ముచ్చట ప్రచారంలోకి రాలేదు. కథల వర్క్‌షాపుల్లో దీన్ని ఇంకా ఆదర్శంగా చూపిస్తున్నారు. అది మంచి వాక్యమే. కానీ అందులో ఒక్క మనిషి కూడా లేడు. బూట్లు అమ్మేది తల్లా, తండ్రా, షాపువాడా తెలియదు. దాన్ని చూసి రాయడం నేర్చుకుంటే దుఃఖాన్ని సూచించే వస్తువుల జాబితాలు రాయడం అలవాటవుతుంది.

అంత చిన్న రూపంలో నిజంగా నిలబడిన కథ కావాలంటే గ్వాటెమాలా రచయిత అగస్టో మొంటెరోసో 1959లో ప్రచురించిన డైనోసార్ కథని చూడండి. స్పానిష్‌లో ఏడు మాటలు. ఎవరో నిద్రలేచేసరికి డైనోసార్ ఇంకా అక్కడే ఉంది, అంతే. ఆ "ఇంకా" అన్న మాటలో ముందు రోజు రాత్రి మొత్తం ఉంది.

రాసేటప్పుడు ఏం చూసుకోవాలి?

మొదటి పేరా కొట్టేసి చదవండి. చాలాసార్లు కథ రెండో పేరాలోనే మొదలై ఉంటుంది. వాతావరణం, ఉదయం, కాఫీ, కిటికీ అన్నీ రచయిత వేడెక్కడానికి రాసుకున్నవి. గురజాడ "దిద్దుబాటు" 1910లో వచ్చింది. అది ఫ్లాష్ కథ కాదు, అయినా తలుపు దగ్గర నిలబడి "తలుపు" అని పిలిచే మనిషితో మొదలైంది. అతని పేరేమిటో, ఎక్కడినుంచి వచ్చాడో తర్వాతే తెలుస్తుంది.

తర్వాత చివరి వాక్యం మీద వేలు పెట్టి మూసి చదవండి. కథ అర్థమవుతోందా? అయితే ఆ వాక్యం తీసేయండి.

ఇద్దరికంటే ఎక్కువమందికి పేర్లు పెట్టకండి. పై కథలో ఒక్క సుజాతకే పేరుంది, అదీ తీసేయబోయే పేరు. మిగతావాళ్ళు పెద్దావిడ, కుర్రాడు, బాబు. పేరు పెట్టిన ప్రతివాడినీ పాఠకుడు గుర్తుపెట్టుకోవడానికి ప్రయత్నిస్తాడు.

విశేషణాలు తగ్గించమని అందరూ చెబుతారు. నేను ఇంకొకటి కలుపుతాను: "బాధగా", "ఆవేదనతో", "కళ్ళనిండా నీళ్ళతో" లాంటివి సంభాషణ పక్కన పెట్టకండి. మాటలో లేని బాధ పక్కన రాస్తే రాదు.

శీర్షిక ఎలా పెట్టాలి?

కథలో చెప్పలేకపోయిన సమాచారాన్ని అక్కడికి పంపండి. "పేరు తొలగింపు" అన్నది దరఖాస్తు భాష. అది పైన ఉండబట్టే మొదటి ప్రశ్న సూటిగా మొదలుపెట్టగలిగాం. "మాతృహృదయం", "మమతానురాగాలు" లాంటి శీర్షికలు కథ చదవకముందే తీర్పు చెప్పేస్తాయి.

ఫోన్‌లో చదివే కాలానికి ఇదే సరైన రూపమా?

పొడవు విషయంలో అవును. కానీ చిన్నదాన్ని తొందరగా చదవవచ్చనుకోవడం పొరపాటు. పెద్ద కథలో ఒక పేరా దాటేసినా దారి దొరుకుతుంది. ఇక్కడ "ఇక్కడే" అన్న ఒక్క మాట దాటేస్తే కథ పోతుంది. ఒక్కటి చదివి ఫోన్ పక్కన పెట్టగలిగితే మంచిది. సంకలనం చేతికొచ్చినప్పుడు వరసగా ఇరవై చదవకండి. ప్రతిదీ మొదలై, అలవాటు కాకముందే ముగుస్తుంటే మనసు అలిసిపోతుంది, పదో కథకి అన్నీ ఒకేలా అనిపిస్తాయి. ఆ తప్పు కథది కాదు.

చిన్న చిన్న కథల్ని కలిపి పెద్ద కథ చెప్పవచ్చా?

చెప్పవచ్చు, పరిమితిని దాటడానికి ఇది మంచి దారుల్లో ఒకటి. అమెరికన్ రచయిత్రి శాండ్రా సిస్నెరోస్ 1984లో ప్రచురించిన "ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్" చికాగోలో లాటినోలు (లాటిన్ అమెరికా మూలాలున్నవాళ్ళు) ఉండే ఒక వీధిలో పెరిగే అమ్మాయి చెప్పే చిన్న చిన్న ఘట్టాలతోనే నవల అయింది. ఒక్కోటి ఒకటి రెండు పేజీలు. విడిగా చదివినా నిలబడతాయి, వరసగా చదివితే ఆ అమ్మాయి పెరగడం కనిపిస్తుంది. మన వీధులకి, మన అపార్ట్‌మెంట్లకి, గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ ఊళ్ళకి ఈ పద్ధతి బాగా నప్పుతుంది. ఆ మీసేవ కౌంటర్ దగ్గరే ఒక ఏడాది కూర్చుని పన్నెండు కథలు రాయవచ్చు. అప్పుడు ఆ కుర్రాడు కూడా మనిషవుతాడు.

ఫ్లాష్ రాయడం అలవాటైతే పెద్ద కథ రాయలేకపోతామా?

కొందరికి అవుతుంది. ఎలా తెలుస్తుందంటే, వాళ్ళ పెద్ద కథలో ప్రతి పేరా ఒక ముగింపులా ఆగుతుంది. ప్రతి సంభాషణ చివరా ఒక విరుపు ఉంటుంది. చదివేవాడికి ఊపిరి తీసుకునే చోటు ఉండదు. పెద్ద కథకి మామూలు వాక్యాలు కావాలి, మనుషులు అన్నం తిని, బస్సెక్కి, ఏమీ జరగని సాయంత్రాలు గడపడం కావాలి. ఫ్లాష్‌లో వాటిని తీసేయడం నేర్చుకున్న చేయి వాటిని మళ్ళీ రాయడానికి మొరాయిస్తుంది.

దీనికి నేను చెప్పే అభ్యాసం ఒకటుంది. మీకు బాగా వచ్చిందనుకున్న ఫ్లాష్ కథ తీసుకుని, దానికి ముందు రోజు రాయండి. ఏ మలుపూ లేకుండా, ఏ గుట్టూ దాచకుండా. మీసేవకి వెళ్ళే ముందు రాత్రి అత్తాకోడళ్ళిద్దరూ ఆధార్ కార్డులు వెతుకుతున్నారు, పిల్లాడు హోంవర్కు చేయనని మారాం చేస్తున్నాడు, గ్యాస్ అయిపోయింది. అక్కడ ఐదారు పేజీలు రాయగలిగితే మీకు ఇబ్బంది లేదు, రెండూ రాస్తారు. రాయలేకపోతే కొన్నాళ్ళు చిన్న కథలు ఆపి ఆ రాత్రిలోనే కూర్చోండి.